ఉక్కపోతలో వెండి రంగు: 1/72 మిగ్-21 ఎఫ్‌ఎల్ ప్రాజెక్టు డైరీ

పాలకొల్లులో మా ఇంటి వెనక గదిలో 2025 జులై నుంచి డిసెంబరు దాకా చేసిన పని ఇది. విమానం మిగ్-21 ఎఫ్‌ఎల్, మన వాయుసేనలో టైప్ 77 అనేవారు. ముక్కలు అతికించి చేసే ప్లాస్టిక్ బొమ్మ కిట్ ఇది, స్కేలు 1/72, అంటే అసలు విమానంలో 72వ వంతు. పైన ఆకుపచ్చ మచ్చలేవీ లేకుండా, ఒట్టి లోహపు మెరుపుతో చెయ్యాలని ముందే అనుకున్నాను. తిప్పలన్నీ ఆ నిర్ణయం వల్లే వచ్చాయి. ఆకుపచ్చ రంగు కింద చిన్న గీత ఉన్నా దాక్కుంటుంది. వెండి రంగు కింద వెంట్రుక కూడా దాక్కోదు.

నేను చూసిన పాఠాలన్నీ పొడిగాలి ఉన్న ఊళ్ళవాళ్ళవి. గోదారి జిల్లాల్లో వానాకాలం అవి సగం పనిచెయ్యవు. ఇక్కడ చెరువులు, కాలవలు, వరిచేలు, పక్కనే సముద్రం. కాబట్టి ఎక్కడ చెడిందో, ఎంత తేమలో చెడిందో అంకెలతో సహా రాస్తున్నాను. నేను ఆక్వా ల్యాబులో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసేవాణ్ణి కనక అంకె రాసుకోవడం అలవాటే.

దశ 1: కొలతలు, కాక్‌పిట్ (జులై 6–19)

అసలు విమానం రెక్కల వెడల్పు 7.15 మీటర్లు. 72తో భాగిస్తే 99.3 మి.మీ. వెర్నియర్‌తో కొలిస్తే కిట్ రెక్కలు 98.9 వచ్చాయి. రెక్క ముందంచు వాలు 57 డిగ్రీలు ఉండాలి, కోణమానినితో చూస్తే సరిపోయింది. అర మిల్లీమీటరు తేడాకి నేనేమీ చెయ్యలేదు. ఈ రెక్కకీ మన గోదారి పాయలు చేసిన నేలకీ ఒకే గ్రీకు అక్షరం పేరు, డెల్టా. రెక్కను కాగితం మీద పెట్టి చుట్టూ గీస్తున్నంతసేపూ నాకు ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా ఉన్న పటమే గుర్తొచ్చింది.

బాడీ రెండు సగాల్లో కుడిది వంగి ఉంది. అద్దం మీద పెడితే మధ్యలో 1.2 మి.మీ. సందు. సరిచేసిన తీరు:

1. భాగాలన్నీ గిన్నెలు తోమే సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టాను. అచ్చు నుంచి వచ్చిన నూనె పోకపోతే తర్వాత రంగు పట్టదు.
2. నీళ్ళు 60 డిగ్రీలకి కాచి, వంగిన సగాన్ని 20 సెకన్లు ముంచాను.
3. వంపుకి ఎదురుగా కొంచెం ఎక్కువే వంచి, చల్లనీళ్ళలో పెట్టాను.
4. మూడుసార్లు చేశాక సందు 0.2కి వచ్చింది. అక్కడ ఆపాను.

కాక్‌పిట్‌కి ఒక్క సాయంత్రం ఇచ్చాను. ఎఫ్‌ఎల్‌కి కానపీ, అంటే పైలటు మీది అద్దపు మూత, చిన్నది, అది మూస్తే లోపల సీటు తలభాగం తప్ప ఏమీ కనపడదు.

ఇప్పటికి: 11 గంటలు. కిట్ 1,350, లిక్విడ్ సిమెంటు 420, వాటర్ పేపర్లు (తడిపి రుద్దే గరుకు కాగితాలు) 120, సూపర్ గ్లూ 20, తేమ మీటరు 350. మొత్తం రూ.2,260.

దశ 2: ముక్కులో బరువు (జులై 20–27)

మూడు చక్రాల మీద నిలబడాలంటే ముక్కులో బరువు వెయ్యాలి, లేకపోతే తోక మీద కూర్చుంటుంది. విసురువల అంచుకి కట్టే సీసం గుళ్ళు వాడాను. వలల కొట్లో గుప్పెడు 30 రూపాయలకి ఇచ్చాడు.

1. భాగాలన్నీ టేపుతో తాత్కాలికంగా అతికించాను.
2. ప్రధాన చక్రాలు వచ్చే చోట రెక్కల కింద పెన్సిలు అడ్డంగా పెట్టాను.
3. ముక్కు మీద కాగితపు దొన్నె పెట్టి ఒక్కో ముక్క వేస్తూ పోయాను.
4. ముక్కు కిందికి వాలిన బరువు 6.8 గ్రాములు. భద్రం కోసం 7.5 వేశాను.

ఈ లెక్కలో ఒక తప్పుంది. అది నవంబరు దాకా బయటపడలేదు.

గుళ్ళని సుత్తితో చదును చేసి, కత్తెరతో కత్తిరించి, రెండు గొట్టాల ఎపాక్సీతో లోపల అతికించాను. వడ్రంగులు వాడే తెల్ల బంకతో మాత్రం సీసం అతికించకండి. దాన్నుంచి వచ్చే ఆమ్లం సీసాన్ని మెల్లగా తినేసి తెల్లపొడి చేస్తుంది. ఆ పొడి ఉబ్బి, కొన్నేళ్ళకి మోడల్‌ని లోపల్నుంచే చీలుస్తుంది. తేమ ఉన్న చోట అది ఇంకా తొందరగా జరుగుతుంది. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. దాన్ని ఆకురాయితో రాయొద్దు, ఆ పొడి ఊపిరిలోకి పోతుంది.

ఇప్పటికి: 14 గంటలు, రూ.2,350.

దశ 3: అతుకులు (ఆగస్టు 2–17)

ఎక్కువ రోజులు ఇక్కడే పోయాయి. రెండు సగాలు అతికించి, వీపు మీద, పొట్ట కింద ఉన్న గీతలో కార్లకి పూసే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ నింపాను. మర్నాడు 400, 800, 1500 నంబర్ల పేపర్లతో తడిపి రుద్దితే చేతికి నున్నగా తగిలింది. సంతోషంగా పక్కన పెట్టాను.

ఎనిమిది రోజుల తర్వాత ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూస్తే వీపు పొడవునా సన్నటి కాలవ కనపడింది. పుట్టీలోని థిన్నర్ ఎగిరిపోతూ ఉండగా పుట్టీ కుంగుతూనే ఉంటుంది. ఎండలో రెండ్రోజుల్లో అయ్యేది మా గదిలో వారం పట్టింది. నేనేమో కుంగడం ఆగకముందే రుద్దేశాను.

మొత్తం గీకేసి ఇలా మార్చాను:

1. సూపర్ గ్లూలో పిల్లలకి రాసే టాల్కం పౌడరు సమపాళ్ళలో కలిపి, పుల్లతో గీతలోకి దించాను. ఒకసారికి రెండు బొట్లకి మించి కలపొద్దు. తేమ 88 శాతం ఉన్నరోజు ఇది ఒక నిమిషంలోపే గట్టిపడింది. సూపర్ గ్లూని గట్టిపరిచేదే గాలిలోని తేమ.
2. గంటలోపు రుద్దడం మొదలెట్టాను. మర్నాటికి వదిలేస్తే ప్లాస్టిక్ కంటే గట్టిపడి, పక్కనున్న ప్లాస్టిక్కే అరుగుతుంది.
3. పేపర్ని వేలితో కాకుండా చిన్న రబ్బరుముక్కకి చుట్టి రుద్దాను. వేలు పల్లంలోకి దిగుతుంది, రబ్బరు దిగదు.
4. చెరిగిపోయిన ప్యానెల్ గీతల్ని (రేకుల మధ్య హద్దులు), సూదిని పిన్ వైస్ అనే చిన్న చేతిపిడిలో బిగించి, మందపాటి టేపు అంచు వెంట మళ్ళీ గీశాను. ఒక్కో గీతకి నాలుగైదు తేలికపాటి లాగుళ్ళు. మొదటి లాగుడే గట్టిగా పడితే సూది దారి తప్పుతుంది. రెండుచోట్ల తప్పింది, ఆ గాట్లు పూడ్చాను.

వారం ఆగి మళ్ళీ ట్యూబులైటు కింద చూశాను. కాలవ లేదు.

ఇప్పటికి: 25 గంటలు, పుట్టీతో కలిపి రూ.2,440.

దశ 4: కానపీ తెల్లబారింది (ఆగస్టు 21–24)

ఎఫ్‌ఎల్ కానపీ ముందువైపు మడతబందుతో, ముందు అద్దంతో సహా ఒకే ముక్కగా లేస్తుంది. తర్వాత వచ్చిన రకాల్లో అది పక్కకి తెరుచుకుంటుంది. కిట్‌లో కూడా ఒకటే ముక్క. అతుకులకి వాడిన సూపర్ గ్లూ చేతిలోనే ఉందని దాన్నే రాసి అంటించాను. పది నిమిషాలకి లోపలివైపు పొగమంచు పట్టినట్టు తెల్లటి పొర పట్టింది. గ్లూ ఆవిరి తేమతో కలిసి అద్దం మీద గట్టిపడిన పొర అది. నీళ్ళతో పోదు, స్పిరిటుతో పోదు.

స్కాల్పెల్‌తో కానపీ ఊడదీశాను. 2000, ఆ తర్వాత 3000 నంబరు పేపరు, ఆ తర్వాత చూపుడువేలి మీద గుడ్డ చుట్టి తెల్ల టూత్‌పేస్టుతో రెండు గంటలు. పుల్లకి దూది చుట్టి లోపలి వంపు రుద్దాను. నూటికి తొంభై వంతులు పోయింది. ఎడమవైపు వెనక మూలలో గోరంత మసక ఉండిపోయింది, ఇప్పటికీ ఉంది. తిరిగి అంటించింది తెల్ల బంకతోనే. సీసానికి పనికిరానిది అద్దానికి పనికొచ్చింది. ఎండితే పారదర్శకంగా ఉంటుంది, అద్దాన్ని తెల్లబరిచే ఆవిరి రాదు.

ఇప్పటికి: 29 గంటలు, రూ.2,480.

దశ 5: గాలిలోంచి నీళ్ళు (ఆగస్టు 30 – సెప్టెంబరు 14)

ఫ్రిజ్ మెకానిక్ దగ్గర పాత కంప్రెసర్ కొన్నాను. పంక్చర్ షాపులో చిన్న ట్యాంకు దొరికింది, దానికి కొత్త సేఫ్టీ వాల్వు, ప్రెషర్ గేజి బిగించాను. వాల్వు లేకుండా ట్యాంకు పెట్టొద్దు. గాలితో రంగు చిమ్మే పెన్నులాంటి ఎయిర్‌బ్రష్ ఆన్‌లైన్‌లో వచ్చింది.

ఆగస్టు 31న నల్లటి కాగితం మీద ఒట్టి థిన్నర్ కొట్టి చూశాను. నాలుగు నిమిషాలు బాగానే వచ్చింది. ఐదో నిమిషంలో టప్‌మని నీటిబొట్టు పడింది, తర్వాత వరసగా. ఆరోజు గదిలో 30 డిగ్రీలు, తేమ 86 శాతం.

కూర్చుని లెక్క వేశాను. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టగలదు. 86 శాతం అంటే అందులో 26 గ్రాములు ఉన్నాయి. ట్యాంకులో 30 పీఎస్ఐ (టైర్లలో గాలి కొలిచే లెక్క) ఒత్తిడికి నొక్కితే ఆ గాలి మూడోవంతు చోటులోకి వస్తుంది. ఆ చోటులో 10 గ్రాములే ఇముడుతాయి. మిగిలిన 16 గ్రాములూ నీళ్ళుగా రావాల్సిందే. నా ఎయిర్‌బ్రష్ నిమిషానికి సుమారు 15 లీటర్ల గాలి తాగుతుంది. గంట పని చేస్తే దాదాపు 14 మిల్లీలీటర్లు, అంటే మూడు చెంచాల నీళ్ళు. అవి విమానం మీద పడటం తప్ప వేరే దారి లేదు.

కంప్రెసర్ దగ్గరే, గాలిలోని నీళ్ళు పట్టి ఆపే చిన్న వాటర్ ట్రాప్ బిగిస్తే ఏమీ ఆగలేదు. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి వేడిగా ఉంటుంది, నీళ్ళు ఇంకా ఆవిరిగానే ట్రాప్ దాటిపోతాయి. అవతల గొట్టంలో చల్లారాక బొట్లవుతాయి. అందుకని వరస మార్చాను:

1. ట్యాంకు నుంచి పావు అంగుళం రాగి గొట్టం, 5 మీటర్లు, చుట్టలు చుట్టి బకెట్లో పెట్టాను.
2. బకెట్లో ఐసు. మా దగ్గర చేపల లోడుకి ఐసు ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి పది రూపాయలకి కావలసినంత ముక్క వస్తుంది.
3. రాగి గొట్టం దాటాక వాటర్ ట్రాప్, రెగ్యులేటరు. ట్రాప్ అన్నిటికంటే కిందికి ఉండాలి.
4. పని అయ్యాక ట్రాప్‌నీ ట్యాంకునీ ఖాళీ చెయ్యాలి.

సెప్టెంబరు 14న 55 నిమిషాలు నడిపి, ట్రాప్ నీళ్ళు ల్యాబు కొలజాడీలో పోసి చూశాను: 11 మిల్లీలీటర్లు. ట్యాంకు అడుగున ఇంకొంచెం. లెక్క కుదిరింది. నల్ల కాగితం మీద ఒక్క బొట్టు లేదు.

ఇప్పటికి: 38 గంటలు. ఈ దశకే రూ.6,510, మొత్తం రూ.8,990. ఇంత ఖర్చు అక్కర్లేదనుకునేవాళ్ళు స్ప్రే డబ్బాతో చెయ్యొచ్చు. కింద చెప్పే తెల్లబారే జబ్బు దానికీ వస్తుంది.

దశ 6: స్పూన్ల మీద పరీక్ష (సెప్టెంబరు 15 – అక్టోబరు 5)

వెండి రంగుకి కార్ల ఎన్‌సీ సిల్వర్ తీసుకున్నాను, మా ఊళ్ళో దొరికేది అదే. ఎన్‌సీ థిన్నర్ చాలా వేగంగా ఎగిరిపోతుంది. ఎగిరేటప్పుడు కింది ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలో తేమ వచ్చి రంగులో దిగుతుంది. రంగు పాలు పోసినట్టు తెల్లబారుతుంది. ఊళ్ళో కార్లకి రంగు కొట్టే ఆయన్ని అడిగాను. "ఆయ్, వానాకాలంలో రిటార్డరు లేకుండా సిల్వరు కొట్టకూడదండి. కొట్టారా, సున్నం వేసినట్టే," అన్నాడు. రిటార్డరంటే థిన్నర్ ఎగిరిపోవడాన్ని నెమ్మదింపజేసే ద్రవం. ఎంత కలపాలంటే చేత్తో చూపించాడు. ఆ కొలత నాకు సరిపోలేదు, ప్లాస్టిక్ స్పూన్లు కొని పరీక్ష పెట్టాను. అన్నిటికీ సిల్వర్ ఒక వంతు, థిన్నర్ రెండున్నర వంతులు, 15 పీఎస్ఐ.

స్పూను 1: తేమ 88%, రిటార్డరు లేదు. 40 సెకన్లలో పూర్తిగా తెలుపు.
స్పూను 2: తేమ 79%, రిటార్డరు లేదు. రెండు నిమిషాలకి అంచులు తెలుపు.
స్పూను 3: తేమ 79%, రిటార్డరు 5%. మసక.
స్పూను 4: తేమ 79%, రిటార్డరు 10%. శుభ్రం. చేతికి అంటకుండా ఆరడానికి 50 నిమిషాలు, దుమ్ము పట్టింది.
స్పూను 5: తేమ 79%, రిటార్డరు 20%. వెండి రజను రంగులో ఈది, మచ్చలు మచ్చలుగా పోగుపడింది.
స్పూను 6: తేమ 68%, రిటార్డరు 5%. శుభ్రం, 25 నిమిషాలు.
స్పూను 7: తేమ 61%, రిటార్డరు లేదు. శుభ్రం, 10 నిమిషాలు.

నేను పెట్టుకున్న నియమం: తేమ 70 లోపు ఉంటే 5 శాతం రిటార్డరుతో కొట్టాలి. 80 దాటితే ఎయిర్‌బ్రష్ ముట్టుకోకూడదు. మూడు వారాలు రాసుకున్న లెక్కలో మా గదిలో పొద్దున ఆరింటికి 90 పైనే ఉంది. వాన లేని రోజు మధ్యాహ్నం రెండింటికి 66 నుంచి 74కి దిగింది. సాయంత్రం ఐదయ్యేసరికి మళ్ళీ 80. అంటే పని గంట రెండు నుంచి మూడున్నర దాకా. ఆదివారాలు భోంచేసి పడుకునే వేళ ఇక రంగు వేళ.

శుభ్రంగా వచ్చిన స్పూన్లు చూసి ధైర్యంగా కిట్‌లోని వాడని డ్రాప్ ట్యాంకు (విమానం కింద తగిలించే అదనపు ఇంధన ట్యాంకు) మీద ఒక తడి కోటు కొట్టాను. ప్లాస్టిక్ మీద సాలెగూడు లాంటి పగుళ్ళు తేలాయి. స్పూను తిరగేసి చూస్తే త్రికోణంలో 5 అంకె ఉంది, అది పాలీప్రొపిలీన్. థిన్నర్ దాన్ని ఏమీ చెయ్యదు. కిట్ పాలీస్టైరీన్, దాన్ని థిన్నర్ కరిగిస్తుంది. పరీక్షకి 6 అంకె ఉన్న స్పూన్లు గానీ, కిట్ ఫ్రేము ముక్కలు గానీ వాడండి. ఆ తర్వాత ప్రైమర్‌ని, అంటే రంగు కింద వేసే మొదటి పూతని, దూరం నుంచి పొడిపొడిగా, పది నిమిషాల విరామంతో నాలుగు పలచటి కోట్లు కొట్టాను. పగుళ్ళు రాలేదు.

సెప్టెంబరు 26. పని ఏమీ చెయ్యలేదు. చండీగఢ్‌లో మిగ్-21లకి వీడ్కోలు టీవీలో చూశాను. 1963లో వచ్చి 62 ఏళ్ళు సేవ చేశాయి. నేను చేస్తున్న ఎఫ్‌ఎల్ రకం అంతకుముందే, 2013 డిసెంబరు 11న పశ్చిమ బెంగాల్‌లోని కలైకుండలో సెలవు తీసుకుంది. ఆచంటలో ఉండే మా బాబాయి ఆ సాయంత్రం ఫోన్ చేశారు. వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా (విమానం బాడీ బాగుచేసే మెకానిక్) అస్సాంలోని తేజ్‌పూర్‌లో ఇవే విమానాల కింద పడుకుని పని చేసిన మనిషి. "చూశావురా?" అన్నారు, తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మోడల్ సంగతి చెప్పాను. దీపావళికి వస్తానన్నారు.

ఆరబెట్టే పెట్టె కూడా ఈ దశలోనే చేశాను. రొయ్యలు ఎగుమతికి పంపే థర్మాకోల్ పెట్టె, లోపల అల్యూమినియం ఫాయిల్, మూతకి థర్మామీటరు, అడుగున బల్బు. 30 డిగ్రీలు, 86 శాతం ఉన్న గాలినే 40 డిగ్రీలకి వేడి చేస్తే తేమ 51 శాతానికి పడిపోతుంది. నీళ్ళు తియ్యకుండానే సగం పని అయిపోతుంది.

మొదట 60 వాట్ల బల్బు పెట్టాను. మూత దగ్గర 43 చూపించింది, బాగుందనుకున్నాను. రాత్రంతా ఉంచి తీస్తే ముక్కు మీది సన్నటి పీటో గొట్టం (వేగం కొలవడానికి గాలి తీసుకునేది) మెత్తబడి వంగిపోయింది. అది బల్బుకి నాలుగు వేళ్ళ దూరంలో ఉంది, అక్కడ వేడి ఎంతో నేను కొలవలేదు. 25 వాట్లకి మార్చి, బల్బుకీ మోడల్‌కీ మధ్య రేకు అడ్డం పెట్టి, థర్మామీటరుని మోడల్ పక్కకే దించాను: 39.

ఒక హెచ్చరిక. ఎన్‌సీ థిన్నర్ ఆవిరి అంటుకుంటుంది. రంగు కొట్టగానే బల్బు పెట్టెలో పెట్టొద్దు, బయట గాలికి అరగంటైనా ఉంచండి. కిటికీలు తెరిచి, మాస్కు కట్టుకుని, కంప్రెసర్‌ని పక్క గదిలో పెట్టి కొట్టండి.

ఇప్పటికి: 52 గంటలు, రూ.10,270.

దశ 7: వెండి (అక్టోబరు 12 – నవంబరు 9)

వెండికి కింద నిగనిగలాడే నలుపు ఉంటే లోహంలా కనపడుతుంది. నలుపు కొట్టి నాలుగు రోజులు పెట్టెలో ఆరబెట్టాను. 12న, తేమ 67, సిల్వర్ మొదలెట్టాను. ఎడమ రెక్క మీద తొందరపడి తడిగా పడింది. రెండూ ఎన్‌సీ రంగులే కావడంతో పై థిన్నర్ కింది నలుపుని కరిగించి లేపింది. బూడిదరంగు చార వచ్చింది. ఆ రెక్క ఆరాక 2000 పేపరుతో దించి, నలుపు దగ్గర్నుంచి మళ్ళీ చేశాను. రెండోసారి అడుగు దూరం నుంచి ఐదు పొగలాంటి కోట్లు, కోటుకీ కోటుకీ పది నిమిషాలు. మూడో కోటు దాకా మురికిగానే కనపడుతుంది, అక్కడ ఓపిక పట్టాలి. ఐదో కోటుకి ఒక్కసారిగా లోహం అయింది.

దీపావళి ముందు రోజు బాబాయి వచ్చారు. మోడల్‌ని రెండు చేతుల్లోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. మొదట చక్రాల గది లోపల చూశారు, తర్వాత రెక్క కింద, చివరికి పైన.

"అద్దంలా చేశావు. మేం తుడిచినవి ఇలా ఉండేవి కావురా."

"ఎలా ఉండేవి బాబాయ్?"

"రేకు రేకుకీ ఓ రంగు. ఇది కొత్తది, పక్కది పాతది. మూడోది మేం ఎక్కి ఎక్కి అరిగింది. వెనక ఇంజను దగ్గర వేడికి గోధుమరంగు తిరిగేది. తేజ్‌పూర్ మనూరి లాగే ఉక్క. వారం తుడవకపోతే మసకేసేది."

అని చూపుడువేలితో వీపు మీద, రెక్క మొదట్లో మనుషులు అడుగు పెట్టే చోట నెమ్మదిగా రాశారు. సరిగ్గా అక్కడే నడిచేవాళ్ళట.

ఆయన వెళ్ళాక మళ్ళీ మొదలెట్టాను. సిల్వర్‌ని మూడు రకాలు కలిపాను: ఒట్టిది, నలుపు 3 శాతం, తెలుపు 5 శాతం. 0.01 గ్రాము దాకా చూపే త్రాసు మీద తూచి కలిపాను, మళ్ళీ అదే రంగు కావాలంటే రావాలి కదా. టేపుతో ప్యానెల్ తర్వాత ప్యానెల్ మూసి, పద్నాలుగింటికి వేరే ఛాయలు ఇచ్చాను. టేపుని ముందు అరచేతికి రెండుసార్లు అంటించి జిగురు తగ్గించాను, లేకపోతే వెండి ఊడి వస్తుంది. వెనక భాగానికి గోధుమ, ఆపైన నీలం చాలా పలచగా. బాబాయి వేలు రాసిన చోట 3000 పేపరు ముక్కతో నాలుగుసార్లు మాత్రం రుద్దాను. ఈ మోడల్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు అదే, బియ్యపు గింజ పొడవుంటుంది.

డెకాళ్ళు, అంటే నీళ్ళలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్లు, పాతవి, పసుపు తిరిగాయి. షీటుని కిటికీ అద్దానికి లోపల్నుంచి అంటించి పది రోజులు ఎండ తగలనిచ్చాను, పసుపు సగం పోయింది. ముందు పనికిరాని అంకె ఒకటి నీళ్ళలో వేసి చూశాను, మూడు ముక్కలైంది. షీటు మొత్తానికి క్లియర్ లాకర్ పలచగా కొట్టాక నిలిచాయి. గరుకు మీద అంటిస్తే కింద గాలి చేరి తెల్లగా మెరుస్తుంది, కాబట్టి డెకాల్ వచ్చే చోట నిగనిగలాడే క్లియర్ కొట్టి, సగం నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తడిపి, దూదితో మధ్య నుంచి అంచులకి ఒత్తాను.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను మా దగ్గరే తీరం దాటింది. కరెంటు పోయింది, మా వీధికి మూడో రోజుకి వచ్చింది. మోడల్ పెట్టెలో, తేమ పీల్చే సిలికా జెల్‌తో మూసి ఉంది, తీసి చూస్తే లోపల 58 శాతం, ఏమీ కాలేదు. మిగిలిన డెకాల్ షీటు మాత్రం సొరుగులోనే మర్చిపోయాను. జిగురు మీద బూజు పట్టి, రెక్కల కింది గుర్తులు రెండూ పోయాయి. చుట్టూ చేలన్నీ పడిపోయి రైతులు ఏడుస్తున్న వారంలో దీని గురించి బాధపడాలనిపించలేదు. నవంబరు 2న మళ్ళీ కూర్చున్నాను. పైరెక్క గుర్తుని కొలిచి, వృత్తలేఖిని కాలికి బ్లేడుముక్క కట్టి టేపులో మూడు వలయాలు కోశాను. బయట కాషాయం, మధ్య తెలుపు, లోపల ఆకుపచ్చ. ముందు తెలుపు మొత్తం, తర్వాత మధ్యలో ఆకుపచ్చ, చివర కాషాయం. డెకాల్ కంటే ఇవే బాగున్నాయి. ఇంకోసారైతే నాలుగూ ఇలాగే వేస్తాను.

ఇప్పటికి: 71 గంటలు, రూ.10,415.

దశ 8: తోక మీద కూర్చుంది (నవంబరు 15 – డిసెంబరు 6)

చక్రాలు అతికించి నిలబెట్టగానే ముక్కు లేచింది. దశ 2లో తూచినప్పుడు వెనక ఇంజను గొట్టం, తోక రెక్కలు టేపు వెయ్యడం మర్చిపోయాను. పైగా పెన్సిలు పెట్టింది చక్రం నేలని తాకే చోటు కాదు, కాలు మొదలయ్యే చోటు. మిగ్ చక్రాల కాళ్ళు నిటారుగా ఉండవు. ఆ తేడా 3 మి.మీ.

అతికిన బాడీ విప్పలేను. కానీ గాలి తీసుకునే గుండ్రటి నోట్లో ఉండే శంకువు ఇంకా అతికించలేదు, అది బోలుగా ఉంది. చక్రాల నుంచి అన్నిటికంటే దూరం కూడా అదే, కాబట్టి తక్కువ బరువు చాలు. కొంచెం కొంచెం వేసి చూస్తే 2.1 గ్రాములకి ముక్కు దిగింది. 2.6 నింపి ఎపాక్సీతో మూశాను. ముక్కులో మొత్తం 10.1 గ్రాములు. అన్ని భాగాలూ టేపు వేశాకే, చక్రం నేలని తాకే చోటనే తూచండి.

వంగిపోయిన పీటో గొట్టానికి బదులు ఇంజెక్షన్ సూదులు. 21 గేజి సూది లోపలి రంధ్రం 0.51 మి.మీ., 26 గేజి బయటి మందం 0.46. ఒకదాంట్లో ఒకటి దూరింది, అసలు గొట్టంలాగే చివరికి సన్నబడింది. మొనలు ఆకురాయితో మొండి చేశాను. ఎఫ్‌ఎల్‌కి ఇది ముక్కు పైభాగాన మధ్యలో ఉంటుంది.

డిసెంబరు 6న ఆచంట తీసుకెళ్ళాను. బాబాయి బల్ల మీద పెట్టించుకుని, కళ్ళజోడు సర్దుకుని, పీటో గొట్టం చివర వేలితో తాకారు.

"విమానం నేల మీదుందా, గాల్లో ఉందా?"

"నేల మీదే బాబాయ్, చక్రాలు దించాం కదా."

"మరి దీనికి ఎర్ర తొడుగేదిరా? నేల మీదున్నంతసేపూ ఉండాలి. అందులో ఓ పురుగు దూరిందంటే పైలటుకి వేగం తెలీదు."

పిన్నిగారి కుట్టుపెట్టెలోంచి ఎర్ర రిబ్బను తీసుకుని, 9 మి.మీ. ముక్క కోసి, గొట్టానికి చుట్టి, తెల్ల బంక చుక్కతో అంటించాను. చివర 6 మి.మీ. వేలాడనిచ్చాను. ఆయనే పట్టకారుతో కొసని సరిచేశారు.

మొత్తం: 80 గంటలు, రూ.10,585. రిబ్బనుతో సహా బరువు 32.4 గ్రాములు. మూడు చక్రాల మీదే నిలబడింది.